లక్కలో దిగిన బొగ్గు

"టేకు మంచం దొరుకుతదా?"

గోదావరిఖనిలోని తన పాత సామాన్ల దుకాణంలో కుర్చీ కాలికి మేకు కొడుతున్న లింగమూర్తి ఓరగా చూశాడు. ఎదుట నిలబడిన మనిషి బడి టీచరమ్మలా ఉంది. నేత చీర, భుజాన గుడ్డసంచి, చేతిలో మడిచిన గొడుగు.

"టేకు లేదమ్మా. వేప ఉంది. ఒక కోడు వంకర."

"వంకరదే కావాలె."

సంకేతపు మాటలు సరిపోయాయి. లింగమూర్తి సుత్తి కింద పెట్టి షట్టరు సగం దించాడు. టీచరమ్మ వేషంలో వచ్చిన ఆమె పేరు యమున. కేంద్ర ఇంటెలిజెన్స్‌లో ఈ చుట్టుపక్కల జిల్లాల ఆపరేషన్లన్నీ ఆమె చేతిలోనే. పద్దెనిమిదేళ్ళుగా లింగమూర్తి ఆమె శాఖ ఫైళ్ళలో ఏజెంట్ 'వార్నిష్'. పాత సామాన్ల వ్యాపారానికి మించిన ముసుగు గూఢచారికి దొరకదు. ఎవరింట్లోకైనా వాళ్ళే పిలుస్తారు, అరలు తెరిచి వాళ్ళే చూపిస్తారు.

"టైం తొమ్మిదీ పది," అంది యమున. "పదకొండుకు కొత్త పవర్ ప్లాంటు గెస్ట్‌హౌస్‌ల జపాన్ ఇంజినీర్ల మీటింగ్. వాళ్ళ చీఫ్ తనబే తన ల్యాప్‌టాప్‌ల మాస్టర్ కీ కొడ్తడు. పదహారు అక్షరాలు. అది కొట్టినంకనే బాయిలర్ల కంట్రోల్ మన చేతికి వస్తది."

"ఆ కీ ఇంకోనికి దొరికితే?"

"వాడు ఏ దేశంల కూసున్నా, మన బాయిలర్ ప్రెషర్ వాడు చెప్పినంత. షిఫ్టుకు ఆరువందల మంది ఉంటరు లింగమూర్తీ."

"ఎవరు మేడం వెనక?"

"మెరిడియన్. యూరప్ ముఠా. జెండా లేదు, ఎవడు కొంటే వాడిదే సరుకు. ఆ ముఠా లోపల మన మనిషి ఒకామె ఉన్నది, హర్షిణి. వియన్నాల ఆర్ట్ కన్సల్టెంట్. వంటోళ్ళల్ల ఒకడు మెరిడియన్ మనిషని ఆమెనే చెప్పింది. వంటోళ్ళందరినీ పక్కకు కూసోబెట్టినం. హాలంత స్కాన్ చేసినం. క్లీన్."

"మరి నేనెందుకు?"

"హాల్ల ఒక అద్దాల బీరువా పెట్టిన్రు. ఇంగ్లండుది, జపాన్ డిజైన్. వచ్చినోళ్ళకు మర్యాదగ ఉంటదని హర్షిణి ఏర్పాటు చేసింది. స్కానర్ దాన్ని గూడ పాస్ చేసింది. అయినా పాలిష్ పనోని లెక్క పోయి నీ కంటితోని ఒక్కసారి చూడు. నస్పూర్ కాలనీల సువార్తమ్మ ఇచ్చింది. ఏదన్న తేడా జరిగితే మొదటి కేసు ఆ ముసలామె మీదనే. నీకెరికేనా ఆ బీరువా?"

"చూసిన," అన్నాడు లింగమూర్తి. సుత్తిని పాలిష్ పెట్టెలో వేశాడు.

పన్నెండేళ్ళ కిందట చూశాడు దాన్ని. గనిలో క్లర్కుగా చేసిన యిర్మియా జబ్బుపడి దవాఖానలో ఉన్నప్పుడు, అతని భార్య సువార్తమ్మ వెల కట్టమని పిలిచింది. నల్లటి బీరువా. అరలు ఒక్క ఎత్తున లేవు. ఒకటి పైకి, పక్కది కిందికి, కావాలని వరస తప్పించినట్టున్నాయి. తలుపుల మీద బంగారు గీతల్లో కొంగలు, వెదురు. జపాన్ ఓడరేవులు తెరిచాక అక్కడి సామాను చూసి మతిపోయిన ఇంగ్లండు వడ్రంగుల పనితనమది. జపాన్‌వాళ్ళు చెట్టు పాలతో తెచ్చే నల్లని మెరుపు వాళ్ళకు దొరకలేదు. మన అడవుల్లోంచి పోయిన లక్కనే స్పిరిట్‌లో కరిగించి పొర మీద పొర పూశారు. దొరల కాలంలో ఒక గనిలో నీళ్ళు తిరగబడినప్పుడు యిర్మియా తండ్రి ఒక దొరను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఆ దొర దేశం వదిలి పోతూ తన బీరువాను అతనికి ఇచ్చి పోయాడు.

లింగమూర్తి కన్ను ఒక తూకం వేసింది, నోరు ఇంకో తూకం చెప్పింది. "డూప్లికేటవ్వా. బొంబాయి సరుకు, స్ప్రే పెయింటు." అడిగితే చీటీ మీద రాసి సంతకం కూడా పెట్టాడు. వారం ఆగితే అయినకాడికి ఇస్తుందని అతని లెక్క. ఆమె ఇవ్వలేదు. ముందు గదిలోంచి తీసి వంటింట్లో పెట్టుకుంది. దొర తన తండ్రిని మోసం చేశాడనుకుంటూనే యిర్మియా ఆ ఏడు కన్ను మూశాడు. ఆ బేరంలో లింగమూర్తికి చిల్లిగవ్వ రాలేదు. లాభం వచ్చిన అబద్ధాలు ఎన్నో మరిచిపోయాడు గానీ, దీన్ని మాత్రం మరవలేకపోయాడు.

పదీ ఇరవైకి గెస్ట్‌హౌస్ చేరాడు. నీలం కోటు, చేతిలో పాలిష్ డబ్బాల పెట్టె, ముక్కు మీద కెమెరా కళ్ళజోడు. బీరువా ఇచ్చిన మర్యాదకు పిలిచారేమో, ముందు వరసలో తెల్ల చీర కట్టుకుని, పర్సు ఒళ్ళో పెట్టుకుని సువార్తమ్మ కూర్చుని ఉంది.

"ఏందిరో లింగమూర్తి! నా ఉల్లిగడ్డల బీరువాకు పాలిష్ పెట్టొచ్చినవా?"

"అవునవ్వా."

"జర మంచిగ పెట్టు బిడ్డా. జపానోళ్ళు పట్టుకుంటరేమోనని గుండెల దడ. డూప్లికేటని నేను ముందుగాల్నే చెప్పిన ఆ హర్షిణి పిల్లకు. నువ్వు రాసిచ్చిన చీటీ గూడ చూపిచ్చిన. పర్వాలేదవ్వా అన్నది." గొంతు తగ్గించింది. "మా ఆయన ఉంటే ఇయ్యనిచ్చేటోడు కాదు. గీ బీరువా మాటెత్తితే తలకాయ దించుకునేటోడు, పాపం."

లింగమూర్తి ఆమె మొహం చూడలేక బీరువా వైపు తిరిగాడు. అవే కొంగలు, అదే వెదురు, అదే ఎగుడుదిగుడు అరలు. వేలితో బంగారు గీతను తడిమాడు. నున్నగా ఉంది. వేలు ఆగిపోయింది.

జేబులోంచి పెన్ను తీశాడు. ఒక చివర దూది, లోపల స్పిరిట్. కొంగ రెక్క మూలన రుద్దాడు. దూది తెల్లగానే ఉంది. బీరువాను కదపబోతే కదల్లేదు. ఎత్తైన సామాను ఏదైనా గోడకు బోల్టులతో బిగించాల్సిందేనని భూకంపాల దేశంవాళ్ళ రూలు. పదీ నలభై ఎనిమిది.

కాలరు కింది మైకులో గొణిగాడు. "మేడం, ఇది ఆ బీరువా కాదు. మార్చిన్రు."

యమున హాల్లోకి వచ్చేసరికి ఆమె పక్కన హర్షిణి కూడా ఉంది. మిడతరెక్క రంగు పట్టు చీర, మెడలో ఒక్క ముత్యం, ఎండ ఎరగని నవ్వు.

"ఎట్ల చెప్తున్నవ్?" అంది యమున.

"ఇక్కడి మే ఎండకు, రేకుల ఇండ్లల్ల లక్క పాలిష్ మెత్తబడ్తది మేడం. గప్పుడు బొగ్గు దుమ్ము దాంట్ల దిగుతది. మల్ల ఎంత తుడిచినా పోదు. మన కాలనీలల్ల డెబ్బై ఎండకాలాలు చూసిన బీరువా అది. బంగారు గీతల మీద నల్ల చుక్కలుండాలె, ఉప్పు మీద మిరియాల పొడి చల్లినట్టు. ఒక్క చుక్క లేదు. స్పిరిట్ పెట్టినా రంగు దిగలే. ఇది లక్కనే కాదు."

హర్షిణి నవ్వింది. "లక్క అని ఎవరన్నారు? స్ప్రే పెయింట్ అన్నది మీరే కదా లింగమూర్తి గారూ." ఫోను తెర యమున ముందుకు తిప్పింది. పాత చీటీ ఫోటో. "డూప్లికేట్. బొంబాయి. స్ప్రే పెయింట్. కింద సంతకం. పెయింట్‌లో బొగ్గు దిగదు, స్పిరిట్‌కు కరగదు. మీ నిపుణుడు చెప్పిన బీరువాయే ఇది, అక్షరం తేడా లేదు. మేడం, గోడకు బిగించిన దాన్ని అతిథుల ముందు పగలగొట్టిస్తారా? పాపం, ఆ పెద్దామెది."

పదీ యాభై ఆరు. తనబే లోపలికి వచ్చి, బీరువాకు మూడడుగుల దూరంలో, ప్లాంటు తీగలు కలిపి నేలకు బిగించిన బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ కీ పనిచేసేది పదకొండు గంటలప్పుడు ఒక్క నిమిషమే. తప్పితే మళ్ళీ టోక్యో అనుమతికి ఆరు నెలలు పడుతుంది.

యమున చీటీ చూసింది, లింగమూర్తిని చూసింది. "చేతిరాత నీదేనా?"

"నాదే."

"మరి ఇప్పుడేంది గిట్ల మాట్లాడుతున్నవ్?"

ఎంత పెద్ద బేరంలోనైనా లింగమూర్తికి ఒక దారి కనబడేది. అటు తిప్పో ఇటు తిప్పో, తన మాట తన మీదికి రాకుండా తప్పుకునేవాడు. ఇప్పుడు నాలుగు వైపులా చూసుకున్నాడు, దారి లేదు. నోరు మూసుకుంటే ఆరువందల మంది ప్రాణాలు, వాళ్ళతోపాటు ముసలామె పేరు. విప్పితే తానొక్కడు. లెక్క చిన్నపిల్లలు కూడా చేసేదే. 

"ఆ చీటీ అబద్ధం మేడం," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ముందు వరసలో సువార్తమ్మ తల తిప్పింది.

"తెల్వక రాసినవా?"

"తెలిసే రాసిన. ఆ బీరువా అసలుది. నూటయాభై ఏండ్లది. ఇంట్ల మనిషి దవాఖానల ఉన్నడని, అగ్గువకు కొట్టేద్దామని డూప్లికేటని రాసిన." సువార్తమ్మ వైపు తిరిగాడు. "దొర మోసం చెయ్యలేదవ్వా. నేను చేసిన."

ఆమె ఒళ్ళోని పర్సును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

హర్షిణి నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యి ఎడమచేతి కంకణంలో దాచిన మీట మీదికి పోయింది. యమున గొడుగు అంతకంటే ముందు కదిలింది. పిడిలోంచి మత్తు సూది దిగిన చప్పుడు కూడా రాలేదు. హర్షిణి మెల్లగా పక్క కుర్చీలో కూలబడింది, ఎండదెబ్బ తగిలినట్టు.

"పగలగొట్టు!" అంది యమున.

పదకొండు. తనబే వేళ్ళు మీటల మీద కదిలాయి. పాలిష్ పెట్టెలోంచి సుత్తి లేచింది. మొదటి దెబ్బకు అద్దం, రెండో దెబ్బకు కింది అర వెనక చెక్క. జపాన్ అతిథులు లేచి నిలబడ్డారు. తనబే మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పలేదు, ఆయనకున్నది ఒక్క నిమిషం. మూడో దెబ్బకు పలకల మధ్య బియ్యపు రొట్టె మందాన ఒక పట్టీ, సన్నటి తీగలు, చిన్న దీపం బయటపడ్డాయి. కీ కొడుతున్నప్పుడే మేలుకుని, పదహారు అక్షరాలూ పట్టాకే బయటికి పంపే యంత్రం అది. అందుకే స్కానర్‌కు చచ్చినదానిలా కనబడింది. దీపం ఎర్రగా వెలిగింది, పసుపుకు మారింది. పద్నాలుగో అక్షరం. పదిహేను. లింగమూర్తి తీగల్ని పిడికిట పట్టి పీకాడు.

తనబే పదహారో మీట నొక్కాడు. గోడ మీద ప్లాంటు తెరలన్నీ పచ్చగా వెలిగాయి. లింగమూర్తి చేతిలో దీపం ఆరిపోయి ఉంది.

అరగంటకు తెలివి వచ్చాక హర్షిణి చేతుల బేడీల వంక కాక లింగమూర్తి వంక చూసింది. "ఆ చీటీ చూసిన రోజే మీరు అబద్ధమాడారని నాకు తెలుసు. మీరు నోరు విప్పరనే పందెం కట్టాను. ఇన్నేళ్ళలో నేనెరిగిన ఏ వ్యాపారీ విప్పలేదు."

"నేను గూడ విప్పుతననుకోలే," అన్నాడతను.

అసలు బీరువా రామగుండం స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, గడ్డి కుక్కిన పెట్టెలో దొరికింది. మధ్యాహ్నానికల్లా తెచ్చి హాల్లో నిలబెట్టారు. కొంగల రెక్కల మీద డెబ్బై ఎండాకాలాల బొగ్గు. తనబే దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. దుబాసీ ద్వారా ఒక్కటే చెప్పాడు. తమ దేశం రూపం, ఇంగ్లండు చెయ్యి, ఇక్కడి లక్క, ఇక్కడి బొగ్గు, ఇలాంటిది ఇంకెక్కడా ఉండదని. బీరువాకు కాక, సువార్తమ్మకు నడుం వంచి నమస్కరించాడు.

ఆమె లింగమూర్తి దగ్గరికి వచ్చి నిలబడింది. అతను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టుకైతే ఎదురు చెప్పొచ్చు, కాళ్ళ మీద పడొచ్చు.

"మా ఆయన సచ్చేటప్పుడు గూడ దొర మీద కోపమే," అంది. "ఆ దొరకు నేనేం జెప్పాలెరా ఇప్పుడు?"

లింగమూర్తి వెళ్ళి బీరువా ఒక పక్క పట్టాడు. నలుగురు మనుషులతో కలిసి లారీ ఎక్కించి, నస్పూర్ దాకా పక్కనే నిలబడి పోయి, నలభై ఆరు డిగ్రీల ఎండలో వీధి మొదటి నుంచి మోసి ముందు గదిలో పెట్టాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది. కూర్చోమనలేదు.

సాయంత్రం యమున వచ్చి రహస్య పత్రం మీద సువార్తమ్మ సంతకం తీసుకుంది. ముఠా సంగతి, యంత్రం సంగతి, హర్షిణి సంగతి, లింగమూర్తి అసలు ఉద్యోగం సంగతి ఎవరికీ చెప్పకూడదు. చీటీ సంగతి మాత్రం ఆ పత్రంలో ఎక్కడా లేదు.

సువార్తమ్మ మాట తప్పే మనిషి కాదు. దేశ రహస్యాలన్నీ ఆమె గుండెల్లో భద్రంగా ఉన్నాయి. లింగమూర్తి చీటీ రహస్యం మాత్రం ఆదివారం ఆరాధన ముగిసి, చర్చి మెట్లు దిగేలోపే నస్పూర్ అంతా తెలిసింది.