సుంకన్న దిమ్మె

మైదుకూరు నుంచి ఉత్తరంగా పోయే బండిబాటలో, నక్కలవంక మీద ఒక రాతి వంతెన ఉంది. కమాన్లను మోసే దాని నడిమి దిమ్మెను సుంకన్న దిమ్మె అంటారు. పొద్దు గుంకితే ఆ పక్కకు ఎవరూ పోరు. పగలంతా ఆ గోడ మీద కూర్చుని మీసాలు దువ్వే మొనగాళ్లకు కూడా, దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఏదో పని గుర్తొస్తుంది.

నాకీ సంగతి చెప్పింది సంతోషమ్మ. తెల్లదొరల కాలంలో ఆ వంతెన కట్టేటప్పుడు ఆమె పడుచుపిల్ల, తట్టతో సున్నం మోసేది. "దెయ్యాలు గియ్యాలు నేను నమ్మనప్పా, దేవుని బిడ్డను" అని మొదలుపెట్టి, చెప్పడం అయ్యేసరికి కొంగు నిండా కప్పుకుంది.

సుంకన్న పునాదులు తవ్వే మనిషి. నడిమి దిమ్మె కోసం గుంత తవ్వుతుంటే గట్టు విరిగి మీద పడింది. మట్టి కింద నుంచి అతని గడ్డపార మోగింది... ఠక్... ఠక్... మిగతా గట్టు కూడా విరుగుతుందేమోనని పైనున్నవాళ్లు దిగలేదు. కాసేపటికి చప్పుడు ఆగింది. మనిషిని తీయలేకపోయారు. దిమ్మె అతని మీదనే లేచింది. పాపం, అతనికి పిడికెడు మట్టి వేసే పని కూడా ఎవరికీ మిగల్లేదు.

అప్పటి నుంచి రాత్రిళ్లు దిమ్మెలో గడ్డపార మోగుతుందని పుకారు పుట్టింది. అప్పటికి విన్నవాడు ఒక్కడూ లేడు. విన్నవాణ్ణి ఎరుగుదుమనేవాళ్లు మాత్రం ఊరు నిండా ఉండేవాళ్లు.

ఆ దిమ్మె మీద కమాను కట్టింది వలి సాహెబ్. ఆ చుట్టుపక్కల పేరున్న బేల్దారి, రాతికట్టు పనివాడు. ముందు కొయ్యలతో చట్టం నిలిపి, దాని మీద రాళ్లు పేర్చి, సున్నం గట్టిపడ్డాక కొయ్యలు లాగేస్తారు. లాగేసిన రాత్రి, కమాను కట్టినవాడే దాని కింద పండుకోవాలి. అది వాళ్ల కట్టడి. తన కమాను కింద తానే పండుకోలేనివాడు, ఊరివాళ్లను దాని మీద బండ్లు తోలమని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఇంకో కట్టడి కూడా ఉండేది. రాళ్ల కింద దూరి పనిచేసేవాడు పైవాళ్లకు కనబడడు, కేకేసినా వినబడడు. అందుకని సుత్తితో మాట్లాడుకునేవాళ్లు. ఠక్... ఠక్‌ఠక్ అంటే "ఉండావా?" అని. ఠక్‌ఠక్ అంటే "ఉండా" అని. చేతిలో ఎంత పని ఉన్నా జవాబు కొట్టి తీరాలి. కొట్టనివాణ్ణి మరునాడు ఎవరూ పక్కన నిలబెట్టుకోరు.

ఆ ఏడు వానలు ముందే వచ్చేటట్టున్నాయి. దొరల తొందర తట్టుకోలేక, ముఠా మేస్త్రి తిమ్మన్న కొయ్యలు లాగించాడు. వలి సాహెబ్ రాళ్ల సందులో వేలు పెట్టి చూశాడు.

"ఇంకొన్నాళ్లు ఉండనీల్సింది తిమ్మన్నా. సున్నం పచ్చిగానే ఉండాది."

"ఏం సాబూ, సుంకన్న పక్కన పండుకోను భయమా?"

నలుగురూ నవ్వారు. మానం ముందు ప్రాణం ఏపాటిది! వలి సాహెబ్ దుప్పటీ, సుత్తీ తీసుకుని వంకలోకి దిగాడు. భార్య జైనాబ్ బీ సంగటి ముద్ద ఇచ్చి, ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ గట్టు మీది కూలీల గుడిసెలకు తిరిగొచ్చింది.

చీకటి పడింది. చినుకులు మొదలయ్యాయి. ఇంతలో పెద్ద ఉరుము — అందరూ ఉరుమే అనుకున్నారు.

తర్వాత... వంక వైపు నుంచి...

ఠక్... ఠక్‌ఠక్.

గుడిసెల్లో అందరూ వంక వైపు తిరిగారు.

ఠక్... ఠక్‌ఠక్.

జైనాబ్ లేచింది. "అది నా మొగుని సుత్తి. కమాను పడిపోయినట్టుండాది... దివిటీలు తీసుకొని రాండప్పా!"

తిమ్మన్న అడ్డం నిలబడ్డాడు.

"యాడికి పోతాండావమ్మా? అది వలి సాబు కాదు... సుంకన్న. వాడూ మన ముఠావాడే గదా. ఆ పిలుపు వానికి తెలీదా?"

"ఎవురైతే ఏమి? పిలుస్తాంటే పలకల్ల గదా!"

"రాత్రిపూట పిలిస్తే పలకగూడదు," అన్నాడు గుసగుసగా. "పలికినోన్ని పట్టుకుంటాది."

ఆడవాళ్లు ఆమెను ఒడిసి పట్టుకున్నారు. చెడు తలచి కాదు, ఆమె మీది ప్రేమతోనే పట్టుకున్నారు. సంతోషమ్మ ఒక దివిటీ ముట్టించబోతే, ఆమె తల్లి లాక్కుని నీళ్లకుండలో ముంచేసింది.

"పోకపోతే పోకపోతిరి... ఈన్నుంచే రాయి మీద రెండు దెబ్బలు కొట్టండప్పా. ఉండామని చెప్పండి!" అని జైనాబ్ గొంతు బొంగురుపోయేదాకా బతిమాలింది.

ఒక్క చెయ్యీ లేవలేదు. సుత్తి మాత్రం పిలుస్తూనే ఉంది. వాన వెలిసింది. కోడికూత వేళకు చప్పుడు నెమ్మదించింది... కానీ ఆగలేదు.

తెల్లవారగానే అందరికీ ధైర్యం వచ్చింది. వెలుతురులో ధైర్యానికి కొదవేముంది! గడ్డపారలు తీసుకుని పరుగెత్తారు. కమాను సగం కూలిపోయి ఉంది. దిమ్మె పక్కన రెండు పెద్ద రాళ్లు ఒకదానికొకటి ఆనుకున్న సందులో వలి సాహెబ్ పడి ఉన్నాడు. కాలు నుజ్జయింది. మనిషి బతికే ఉన్నాడు.

రాళ్లు ఎత్తి బయటకు తీశారు. జైనాబ్ అతని తల ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తాగించి, అప్పుడు భోరుమంది. అతను మెల్లగా కళ్లు తెరిచి ముఠా అంతటినీ చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదంటుంది సంతోషమ్మ.

"నూరేండ్లు బతకండప్పా," అన్నాడు. "మీరు పలక్కపోయింటే ఆ చీకట్లో గుండె పగిలి సచ్చిపోయిండేవాన్ని. నేను కొట్టినప్పుడల్లా జవాబు కొడ్తానే ఉంటిరి. ఎవురప్పా ఆ పుణ్యాత్ముడు? వాని చెయ్యి ఇటియ్యండి, కండ్లకద్దుకుంటా."

ఎవరూ తలెత్తలేదు. జైనాబ్ తిమ్మన్న వైపు చూసింది. ఊరికే చూసింది, అంతే. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు.

"నేనే సాబూ..." అన్నాడు. "పైనుంచి... నేనే కొడ్తాంటి."

చెయ్యి ముందుకు చాచాడు. వలి సాహెబ్ ఆ చేతిని అందుకోబోయి... ఆగాడు. నొసలు ముడిచాడు. తల తిప్పి, రాత్రంతా తాను చెవి ఆనించి పడుకున్న దిమ్మె మొదలు వైపు చూశాడు.

"పైనుంచి కాదే తిమ్మన్నా," అన్నాడు. "కిందినుంచి గదా... గడ్డపారతో."