సర్వర్ మీద లడ్డూల డబ్బా

మిర్యాలగూడలో జితేందర్ ఫొటో స్టూడియోకి ఒక రివాజు ఉంది. ఆల్బం అందుకున్న పెళ్లివారు మిఠాయి డబ్బా ఇస్తారు. జితేందర్ దాన్ని ఇంటి ముందుగదిలో, ఫొటోలన్నీ దాచే సర్వర్ పెట్టె మీద పెడతాడు. ఆ పెళ్లి పని ముగిసిందని దానర్థం. డబ్బా మీది పేరు చూసి అతని భార్య అశ్విని ఆ పెళ్లి ఫోల్డర్ తుడిచేస్తుంది, కొత్త పెళ్లికి చోటు కావాలి కదా మరి! ఐదేళ్లుగా ఇదే పద్ధతి, ఒక్క పొరపాటు జరిగితే ఒట్టు.

ఆ సోమవారం పొద్దున్నే అశ్విని త్రిపురారంలోని పుట్టింట్లో నాలుగు రోజులుండి తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూనే సర్వర్ మీద డబ్బా చూసింది. ‘కోదాడ సుమలత’ అని రాసి ఉంది. సుమలత ఆమె ఆడబిడ్డ. నెల కిందట సుమలత కూతురు వందన పెళ్లికి ఫొటోలు తీసింది మేనమామ జితేందరే.

‘అబ్బో, నేను లేకపోతే పనులు ఇంత చురుగ్గా అవుతాయా!’ అనుకుంది అశ్విని. ఒక లడ్డూ నోట్లో వేసుకుని వందన పెళ్లి ఫోల్డర్ తుడిచేసింది. తుడిచినవి చేరే రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసింది, శుభ్రమంటే ఆమెకు ప్రాణం.

పది నిమిషాలకు జితేందర్ నోట్లో బ్రష్‌తో వచ్చాడు.

"రేపు పొద్దుగాల అక్క వస్తదట. వందన ఫొటోలు తియ్యి, ఆల్బంకు ఏరుదాం."

అశ్విని రెండో లడ్డూ తీయబోయి ఆగింది. "ఇంకా ఏరలేదా? మరి ఈ డబ్బా?"

"ఏ డబ్బా?"

వంటింట్లోంచి అత్తగారు ఆండాలు పసుపు చేతులతో వచ్చింది. "అది నేనే పెట్టిన బిడ్డా. అల్లునికి దామరచర్లల నౌకరి వచ్చిందని సుమలత పంపింది. వంటింట్ల చీమలున్నయని ఎత్తు మీద పెట్టిన. ఏమైంది?"

ఏమైందో తెలిశాక ఇల్లు ఇల్లులా లేదు.

"నా మేనకోడలు పెండ్లే! ఇంకో కాపీ గూడ లేదు!" జితేందర్ అరుపులకు పక్కింటివాళ్లు టీవీ ఆపేశారు. "అక్కకు మొఖం ఎట్ల సూపియ్యాలె? ఇయ్యాల్టి సంది నువ్వు సర్వర్ ముట్టకు. వంటింట్ల ఉండు!"

ఆ చివరి మాట అశ్వినికి గుండెలో గుచ్చుకుంది. ఐదేళ్లు కష్టపడి నేర్చుకున్న పని అది.

"ఇంకో కాపీ ఎందుకు లేదు?" కళ్లు తుడుచుకుని నిలదీసింది. "ఇంకో డిస్క్ కొనుమని మూడుసార్లు చెప్పిన. నువ్వేం కొన్నవ్? డ్రోన్! అది అనంతగిరి పెండ్లిల షామియానా ఎక్కి కూసుంది, ఇప్పటిదాక దిగలే!"

జితేందర్, పోయిన ఫొటోలు తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో దింపుదామని సర్వర్ ముందు కూర్చున్నాడు. అశ్విని చటుక్కున ప్లగ్ పీకేసింది.

"పిచ్చి లేసిందా నీకు?"

"తుడిచినయ్ ఎటూ పోలే, వాటి జాగ ఖాళీ అని సర్వర్ రాసుకుంది, అంతే. ఇప్పుడు నువ్వు ఏది దింపినా వాటి మీదనే కూసుంటది, ఇగ ఖతం. సూర్యాపేట పోయి పెద్ద డిస్క్ తే. అప్పటిదాక ఎవ్వరు దీన్ని ముట్టొద్దు."

పెళ్లయ్యాక మొదటిసారి జితేందర్ మారుమాట్లాడకుండా బండి తీశాడు.

అశ్విని సర్వర్‌లోని పాత డిస్క్‌ను తీసి తన లాప్‌టాప్‌కు తగిలించి, అందులో ఏమీ రాయకుండా, పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్‌తో చదివించింది. దొరికినవన్నీ జితేందర్ తెచ్చిన కొత్త డిస్క్‌లోకి పంపింది. మధ్యాహ్నానికి ఫొటోలు రావడం మొదలైంది. పద్నాలుగు వేలు! పేర్లు లేవు, తేదీలు లేవు. ఏళ్ల కిందట తుడిచేసిన పెళ్లిళ్లలో, పైన ఇంకేదీ పడని ఫొటోలు కూడా లేచొచ్చి కలిసిపోయాయి.

జితేందర్ తల పట్టుకున్నాడు. "ఎవరి పెండ్లి ఎవరిదో! అందరు ఎర్రచీరలే, అందరికి అదే మేకప్!"

ఆండాలు స్టూలు లాక్కుంది. "జరుగు."

"నీకు కంప్యూటర్ ఏం తెలుసమ్మా?"

"మనుషులు తెలుసు గదరా. ఈమె మత్తయ్య మనుమరాలు, తీసెయ్. ఈ గుంపుల సత్తమ్మ ఉంది. మోకాళ్ల నొప్పని సాకు చెప్పి వందన పెండ్లికి రాలే, తీసెయ్. ఆఁ, ఈ ముక్కుపుడక నేను పెట్టిందే. ఇది వందన, ఉంచు."

పొద్దుగూకేసరికి వందన పెళ్లి మొత్తం ఒక్కచోట చేరింది. అంతలో ఆండాలు చెయ్యి ఆగిపోయింది.

తెర మీద ఈదయ్య. ఆమె భర్త, మూడేళ్ల కిందట పోయాడు. ఏదో పెళ్లిలో కొడుక్కి సాయంగా లైటు స్టాండు పట్టుకుని, నోటినిండా జిలేబీతో పకపకా నవ్వుతున్నాడు. గోడ మీద దండ వేసి ఉన్నది ఆయన ఆధార్ కార్డు ఫొటోనే, పెద్దది చేయించారు. అందులో ఆయన ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంటాడు. ఫొటోగ్రాఫర్ ఇంట్లో పెద్దాయనకు అంతకుమించి గతి లేకపోయింది.

"లైటు సూద్దామని ఈ ఫొటో కొట్టిన," అన్నాడు జితేందర్. "పనికిరాదని నేనే తుడిచేసిన." కాసేపు వెక్కి వెక్కి ఏడ్చి, భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోగొట్టింది గూడ నువ్వే తెచ్చినవ్. పొద్దున నోరు జారిన, మాఫ్ చెయ్యి. ఇగ సర్వర్ నీది. నిన్ను అడగకుండ నేను గూడ ముట్ట."

"ముందు రెండో కాపీకి ఇంకో డిస్క్ తే," అంది అశ్విని, ఏడుస్తూనే.

మర్నాడు సుమలత ఇంకో లడ్డూల డబ్బాతో దిగింది. ఎదురుగా ఉన్న సర్వర్ మీద పెట్టబోతే ముగ్గురూ ఒక్కసారే "ఆగు!" అని అరిచారు. ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. గోడ మీద కొత్త ఫ్రేములో తండ్రి నవ్వుతున్నాడు.

"నాయినా..." అంటూ అక్కడే కూలబడింది.

ఆండాలు కూతురి చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత తెరిచి ఫొటో కింద పెట్టింది.

"ఇగ ఈడనే పెట్టు బిడ్డా. చీమలొస్తే రానీ. మీ నాయిన తీపి తినక చానా దినాలైంది."