తూర్పు కిటికీలో సూర్యాస్తమయం

"రింగులు ఎనిమిది ఉండాలి. ఇక్కడ ఏడే ఉన్నాయి."

పెద్దకోడలు కర్టెన్‌ని డైనింగ్ టేబుల్ మీద పరిచి మళ్లీ లెక్కపెట్టింది.

ఏడే!

భర్త సోఫాలో కూర్చుని సాక్సులు విప్పుకుంటూ, ఒక్క రింగుకి ఇంత రాద్ధాంతమా అన్నాడు. గెస్ట్ తీసేయమన్నాడు, తను తీశాడు. ఎలాగూ తీశాం కదా అని ఉతకడానికి ఇంటికి తెచ్చాడు. రింగు దారిలో ఎక్కడో జారిపోయి ఉంటుంది.

"తీసే ముందు నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"కర్టెన్ తీయడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

వంటింట్లోంచి అత్తగారు ఓ మాట విసిరింది. ఆ కొండవీధి మేడకి జరిగే మర్యాద తన పెళ్లిలో తనకి కూడా జరగలేదంది.

కొండవీధి మేడ వాళ్లదే. సెలవులకి వచ్చేవాళ్లకి రోజుల లెక్కన ఇస్తారు. మొదటి ఏడాది ఈగ కూడా వాలలేదు. మరిది ఫోన్‌లో దానికో పేజీ తెరిచాకే కథ మారింది.

ఫొటోలు తీసేది ఆమె. ప్రతి ఫొటోలోనూ కింద మూల ఆమె బొటనవేలు పడుతుంది. "వదినా, జనం మేడ చూడ్డానికొస్తారా, నీ వేలు చూడ్డానికొస్తారా?" అని ఆటపట్టిస్తూ మరిది ఆ కింది భాగం కత్తిరించి పేజీలో పెడతాడు. మెసేజ్‌లకి జవాబులిచ్చేదీ అతనే.

ఇప్పుడున్న గెస్ట్ డబ్బిచ్చే రకం కాదు. పేరున్న పేజీ అట. మూడు లక్షల మంది ఫాలోయర్లట. మూడు రోజులు ఊరికే ఉండనిస్తే మేడ మీద వీడియో పెడతాడని, ఆపైన బుకింగులు ఆపినా ఆగవని మరిది ఇంటిల్లిపాదినీ ఊదరగొట్టి ఒప్పించాడు.

"ఇంతకీ కర్టెన్ దేనికి తీయమన్నాడు?"

"సన్‌సెట్ వీడియో తీసుకుంటాడట. అడ్డం వస్తోందన్నాడు."

ఆమె చేతులు కర్టెన్ మీదే ఆగిపోయాయి.

"ఇది పైగది కర్టెన్."

"అవును. అయితే?"

"ఆ గదికున్నది తూర్పు కిటికీ ఒక్కటే. సూర్యుడు తూర్పున అస్తమిస్తాడా?"

తను దిక్సూచి జేబులో పెట్టుకు తిరగడం లేదన్నాడు భర్త.

ఆమె వినడం లేదు. ఫోన్ తీసింది. గెస్ట్ పేజీ తెరిచింది.

సముద్రాలు. హోటళ్లు. ఈతకొలనులు.

ఒక్కో ఫొటో కిందికీ జరిపి చూసింది. ఒక్క కామెంట్ లేదు.

మూడు లక్షల మంది... ఒక్కడికీ నోరు లేదా?

మొట్టమొదటి ఫొటో తేదీ చూసింది.

పన్నెండు రోజుల క్రితం!

మేడ గురించి ఒక్క ముక్క లేదు. మూడు రోజులుగా లోపలే ఉన్నాడు. ఏం చేస్తున్నాడు? ఆ కిటికీలోంచి కనిపించేదేముంది?

ఎదురు కొండ. కింద సందు. సందులో బూడిద రంగు ఇల్లు. దాని వెనక డాబా.

టైలరమ్మ!

ఈ కర్టెన్ కుట్టింది ఆ అమ్మాయే. రెండు నెలల క్రితం కొలతలకి వచ్చినప్పుడు ఒకే ఒక్క కోరిక కోరింది.

"అక్కా, నా ఫొటో ఎక్కడా పడనివ్వకండి."

ఎందుకని అడిగింది పెద్దకోడలు. ఆఖరికి, టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. తను ఒక హత్య చూసింది. చంపించినవాడు పెద్దవాడు. వేలు పెట్టి చూపించగలిగింది తనొక్కతే. ఈ సోమవారం కోర్టులో చూపించాలి. అందాకా అక్క ఇంట్లో తలదాచుకుంటోంది. వీధి గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్ల కాపలా.

వీధి గుమ్మంలో!

వెనక డాబా మీద ఎవరూ ఉండరు. ఆ పిల్ల రోజుకొక్కసారి అక్కడికొస్తుంది. సాయంత్రం ఆరింటికి, ఆరిన బట్టలు తీసుకోవడానికి.

పడనివ్వనని మాటిచ్చింది పెద్దకోడలు. పేజీ చూసే మరిదికి మాత్రం సంగతి చెప్పి ఉంచింది. మరి పోయిన నెల ఆ కిటికీలోంచి తీసిన ఫొటో? కొండ మీద సాయంత్రపు ఎండ... పేజీలో అన్నిటికంటే ఎక్కువ లైకులొచ్చిన ఫొటో. తీసేటప్పుడు కింద డాబా కూడా పడలేదూ? డాబా మీద ఆకుపచ్చ బట్టల్లో...

తనే చూపించిందా? ఇదిగో, ఇక్కడ ఉంది అని?

గోడ గడియారం వైపు చూసింది.

ఐదూ నలభై ఒకటి.

"లేవండి. స్కూటర్ తీయండి."

రెండు ముక్కల్లో విషయం చెప్పింది. భర్త ముఖంలో రంగు మారింది. వెక్కిరింపు ఎగిరిపోయింది. టైలరమ్మ దగ్గర ఫోన్ లేదు, పెట్టుకోనివ్వలేదు. కాబట్టి భర్త వీధిన పోయి కానిస్టేబుళ్లకి చెప్పాలి. అది చుట్టుదారి, మార్కెట్ మీదుగా పోవాలి. ఆమె మెట్లదారిన మేడకి పోతుంది.

"ఒక్కదానివీ ఏం చేస్తావు?"

తెలియదు.

అప్పటికే గేటు దాటేసింది.

పరుగు!

సందు మలుపు. ఇస్త్రీ కొట్టు. బండి కింద పడుకున్న కుక్క. చెప్పు తెగబోయి నిలిచింది. పరుగెడుతూనే మరిదికి ఫోన్ చేసింది. వాడికి కొత్త బైకుంది, వాడైతే రెండు నిమిషాల్లో పోగలడు.

రెండో రింగుకే ఎత్తాడు. ఆమె రొప్పుతూ చెప్పిందంతా విన్నాడు.

"నువ్వు ఇంట్లోనే ఉండు వదినా. నేనిక్కడ దగ్గర్లోనే ఉన్నా. నేను చూసుకుంటా."

అమ్మయ్య అనుకుంది.

అనుకుంది గానీ కాళ్లు ఆగలేదు.

కొండ మెట్లు. నూట పన్నెండు. పొద్దున దుప్పట్ల బుట్ట మోస్తూ ఎక్కినప్పుడు లెక్కపెట్టింది. ఇప్పుడు లెక్కపెట్టడానికి ఊపిరి లేదు. డొక్కలో పోటు. కళ్లలోకి చెమట.

ఐదూ యాభై ఆరు.

మేడ!

ముందు తలుపు లోపల గడియ. వరండాలో ఎవరూ లేరు. మరిది బైకూ లేదు.

దగ్గర్లోనే ఉన్నానన్నాడే?

ఆలోచించే సమయం లేదు. ఇంటి వెనక్కి పోయింది. అక్కడి ఇనుప మెట్లు పైగది కిటికీ పక్కనుంచే టెర్రస్‌కి పోతాయి. చెప్పులు విడిచింది. ఒక్కో మెట్టు, పిల్లిలా. ఏడో మెట్టు కిర్రుమంటుందని ఆమెకి తెలుసు. దాన్ని దాటేసి ఎనిమిదో దాని మీద కాలు పెట్టింది.

కిటికీ బారెడు దూరంలో ఉంది. రెక్క కొద్దిగా తెరిచి ఉంది. లోపల చీకటి.

ఆ చీకట్లోంచి నల్లగా, సన్నగా, వేలెడు పొడుగున ఏదో బయటికి వచ్చి ఉంది.

కెమెరా కాదు!

ఆమె ఊపిరి బిగబట్టింది. వెన్ను గోడకి ఆనించి మిగతా మెట్లు ఎక్కింది.

టెర్రస్.

పొద్దున తను ఆరేసిన దుప్పట్లు తాడు మీద ఊగుతున్నాయి. డబుల్ బెడ్‌వి, తెల్లవి. తెలుపు ఫొటోలో బాగుంటుందని పట్టుబట్టి కొన్నవి.

పిట్టగోడ మీదుగా కిందికి చూసింది.

బూడిద ఇంటి డాబా ఖాళీగా ఉంది. తాడు మీద బట్టలు. మూల ఒక ప్లాస్టిక్ బకెట్. మెట్ల తలుపు మూసి ఉంది.

అరవాలా? అరిస్తే ఆ పిల్ల ఎవరా అని ఆగి తల పైకెత్తుతుంది. కదలకుండా నిలబడుతుంది. వాడికి కావలసింది అదే.

తలుపు తెరుచుకుంది...

ఆకుపచ్చ బట్టలు. చంకలో ఖాళీ బుట్ట. టైలరమ్మ తాడు దగ్గరికి నడిచింది. క్లిప్పు తీసి పళ్ల మధ్య పెట్టుకుంది.

పెద్దకోడలు తాడు మీది దుప్పటి లాగేసింది. అంచులు ఇంకా తడి ఆరలేదు. బరువుగా ఉంది. రెండు కొసలూ రెండు పిడికిళ్లలో బిగించింది. పిట్టగోడ మీంచి, సరిగ్గా కిటికీకి పైన, కిందికి విసిరింది.

దుప్పటి గోడకి కొట్టుకుంటూ జారి, కిటికీ నిండా పరుచుకుంది.

ఢాం!

దుప్పటి నడిమికి చిరిగి ఎగిరింది!

కింద డాబా మీద బకెట్ పగిలింది. టైలరమ్మ కూలబడింది.

తగిలిందా? దేవుడా, తగిలిందా?

లోపల్నుంచి ఎవరో దుప్పటిని పట్టి లాగారు. ఆమె ముందుకి ఊగి పిట్టగోడకి గుద్దుకుంది. మోచేతులు గీసుకుపోయాయి. వదల్లేదు. వదిలితే కిటికీ తెరుచుకుంటుంది.

"పాకు! లోపలికి పాకు!"

ఇప్పుడరిచింది. గొంతు పగిలేలా అరిచింది.

ఆకుపచ్చ బట్టలు కదిలాయి. ఒక మోకాలు. ఒక చెయ్యి. పాకుతోంది... పాకుతోంది... తలుపు దాటింది!

ఆమె పిడికిళ్లు తెరుచుకున్నాయి. దుప్పటి కిటికీలోకి పామై దూరిపోయింది.

కింద ముందు తలుపు దడేలుమంది. మెట్లదారిన దిగబోయిన గెస్ట్, ఎదురొచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య పడ్డాడు. వాళ్ల వెనకే స్కూటర్ హెల్మెట్‌తోనే పరుగెత్తుకొచ్చిన ఆమె భర్త, ఏమీ తోచక, వాడి కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

ఆరూ ఐదు.

టైలరమ్మకి బకెట్ ముక్క గీసుకున్న గాయం తప్ప ఏమీ కాలేదు.

కాసేపటికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పైగదిలో ఆమెకి గెస్ట్ ఫోన్ చూపించాడు. అందులో ఒక ఫొటో. ఎదురు కొండ, ఎండ, కింద డాబా, ఆకుపచ్చ బట్టల్లో మనిషి. ఈ కిటికీలోంచి తీసిందేనా అని అడిగాడు.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత తన ఫోన్‌లో పేజీ తెరిచి చూసుకుంది. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది. తాగాక ఇన్‌స్పెక్టర్‌తో మెల్లగా, ఎవరికీ వినబడకుండా, పావుగంట మాట్లాడింది.

వచ్చేస్తూ కర్టెన్ కడ్డీ వైపు చూసింది. ఎనిమిదో రింగు దానికే వేలాడుతోంది.

రాత్రి అన్నాల దగ్గర ముగ్గురూ చేరారు.

మరిది ఆలస్యంగా వచ్చాడు. చేతులు కడుక్కుంటూనే వదిన్ని ఆకాశానికెత్తాడు. తను రాలేకపోయినందుకు నొచ్చుకున్నాడు. సరిగ్గా కొండ కింద టైరు పంక్చరయిందట.

"కొత్త టైరు కదా," అంది పెద్దకోడలు.

"కొత్తవాటికే ముందు దిగుతాయి మేకులు," అని నవ్వాడు.

భర్త తను కాళ్లు పట్టుకున్న కథ మూడోసారి చెప్పాడు. ఈసారి గెస్ట్ ఇంకాస్త పొడుగయ్యాడు. అత్తగారు వడ్డిస్తూ, ఇక ఆ కర్టెన్ గొడవ తన ముందు ఎత్తవద్దంది. అంతలోనే కోడలి మోచేతి కట్టు వైపు చూసి, అడగకుండానే ఆమె కంచంలో కూర వేసింది.

"నేనొక నిర్ణయం తీసుకున్నా," అంది పెద్దకోడలు.

అందరూ తలెత్తారు.

"పేజీ మూసేస్తున్నాం. రేపట్నుంచి మేడకి తాళం."

మరిది చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇదేం తెలివి అన్నాడు. రేపు ఈ సంగతి ఊరంతా మోగుతుంది, బుకింగులు వరదలా వస్తాయి, ఇప్పుడా మూసేది? తప్పు ఆ ఫొటోది, వదినది కాదు. ఎవరో కావాలని చూస్తే ఎవరేం చేయగలరు?

ఆమె ఫోన్‌లో ఆ ఫొటో తెరిచి అతని కంచం పక్కన పెట్టింది.

"ఇది మన పేజీలోది. చూడు. డాబా ఉందా?"

కొండ ఉంది. ఎండ ఉంది. డాబా లేదు.

"నా వేలు పడిందని నువ్వు కింది భాగం కత్తిరించావు. దాంతో డాబా కూడా పోయింది. పేజీ చూసినవాళ్లెవరికీ ఆ పిల్ల కనిపించదు."

అతను నమలడం మానేశాడు.

"వాడి ఫోన్‌లో ఉన్న ఫొటోలో నా వేలుంది."

భర్త ఫోన్ తన వైపు లాక్కుని ఫొటో చూశాడు.

"వేలున్న ఫొటో రెండు ఫోన్లలోనే ఉండాలి. ఒకటి నాది. దాన్ని నేనెవరికీ పంపలేదు, నీకు తప్ప."

భర్త తమ్ముడి వైపు తిరిగాడు.

మరిది కళ్లు తలుపు పక్కనున్న కొక్కెం మీదికి పోయాయి. బైకు తాళాలు తగిలించే కొక్కెం.

ఖాళీ!

"తాళాలు ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరున్నాయి. నువ్వు చేతులు కడుక్కునేటప్పుడే ఇచ్చేశా. ఆయన గేటు దగ్గరే ఉన్నారు." ఆమె అతని గ్లాసులో నీళ్లు పోసింది. "నువ్వు అన్నం తినేదాకా ఆగమని నేనే అడిగాను."

అత్తగారి చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. చిన్నకొడుకు ముఖంలోకి చూసింది. ఒక్క మాట కోసం చూసింది. కాదమ్మా అని ఒక్క మాట.

అతను కంచంలోకి చూస్తున్నాడు.

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టేసింది.

మూత పెట్టింది.

బయట గేటు గడియ తీసిన చప్పుడు!