తలుపుకి ఆనించిన చీపురు

ఆవిరి గదిలో ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చుని ఇతరుల ప్రాణాల గురించి మాట్లాడుకోవడం ఫిన్లాండు గూఢచారి శాఖలో మామూలే. బట్టల్లేని మనిషి టేప్ రికార్డర్ ఎక్కడ దాచుకుంటాడు? పైగా అంత వేడిలో ఎవరూ ఎక్కువసేపు వాదించరు. కర్నల్ లావోనెన్‌కి ఆ రెండో సుగుణమే బాగా నచ్చేది.

ఆయన గరిటెడు నీళ్ళు కాలుతున్న రాళ్ళమీద పోసి, "ఏమోయ్ ఒస్మో, సైకిళ్ళు బాగుచేయడం వచ్చా నీకు?" అన్నాడు.

"మా నాన్నకి సైకిల్ షాపుండేది, సార్."

"తెలుసు. అందుకే పిలిచా."

అసైన్‌మెంట్ ఇది. ఏటా వేసవిలో నైరుతి దీవులకి విదేశీయులు సైకిల్ యాత్రకి వస్తారు. ఫెర్రీ దిగి, బర్చ్ చెట్ల మధ్య పగలంతా తొక్కి, దారిపక్కన స్ట్రాబెర్రీలు కొనుక్కు తిని, ఇంకో ఫెర్రీ ఎక్కుతారు. వాళ్ళలో ఒకడికి మాత్రం చెట్లతో పనుండదు. మన నౌకాదళం నీళ్ళ కింద ఎక్కడెక్కడ ఓడల్ని పేల్చే మైన్లు పరిచిందో, ఆ పటం ఫిల్ము వాడికి కావాలి. ఈ ఏడు వాడి పేరు డాక్టర్ బ్రాంట్. స్విస్ పాస్‌పోర్టు, మెడలో పక్షుల్ని చూసే బైనాక్యులర్స్. దీవుల్లోని నౌకాదళం కోటలో అమ్ముడుపోయిన ఆఫీసరొకడు ఫిల్ము ఒక రాతికింద దాచిపెడతాడు. బ్రాంట్ దాన్ని తీసి యాత్ర గైడు రైలీ సుండ్‌కి ఇస్తాడు. ఆమె స్వీడన్ ఓడలో దాటిస్తుంది. కస్టమ్స్ వాళ్ళు ఆమె ముఖం చూస్తారు తప్ప సంచీ చూడరు.

ఈ రైలీ మూడు వేసవులుగా రెండు వైపుల జీతమూ తీసుకుంటోంది. మనసు మాత్రం ఇటే. అసలు ఫిల్ము మన చేతికిచ్చి, మనం తయారుచేసిన దొంగ ఫిల్ము అటు పట్టుకెళ్తుంది.

పోయినేడు ఇచ్చిన దొంగ పటాన్ని వాళ్ళు ఈపాటికి సముద్రంలో కొలిచి చూసుకుని ఉంటారనీ, మళ్ళీ ఆమెనే పంపడమంటే చేజేతులా కత్తికి ఒప్పజెప్పడమేననీ ఒస్మో చెప్పాడు. కర్నల్ ఇంకో గరిటె పోశాడు.

"ఆఖరిసారి. ఫిల్ము నీ చేతికి రాగానే ఆమెని వదిలేద్దాం. కొత్త పేరు, కొత్త ఊరు. నా మాట."

ఒస్మో ఆ మాట నమ్మాడు. నమ్మడమే కాదు, స్వయంగా మోసుకెళ్ళి రైలీకి అందించాడు కూడా. ఈ వృత్తిలో నలభై దాటినవాడు చేయాల్సిన పని కాదది.

యాత్రికుల సామాను మోసే వ్యాను వెనకాల వస్తుంది. దానికి డ్రైవరూ మెకానిక్కూ ఒస్మోనే. నూనె మరకల ఓవరాల్, అతికించిన నెరిసిన మీసం. రైలీ సైకిల్ లైటులో బుల్లి రేడియో. ఫిల్ము చేతికొస్తే "గొలుసుకి నూనె కావాలి" అంటుంది. ప్రమాదమైతే "బ్రేకు పట్టడం లేదు."

ఎర్ర లిప్‌స్టిక్కుతో, గాలికి రేగని జుట్టుతో, గుంపు ముందు రైలీ సైకిల్ తొక్కుతుంటే మగ యాత్రికులు ఎత్తుల్లో కూడా అలిసిపోయేవారు కాదు. ఒకపూట చక్రం చూపించే వంకతో ఒస్మో పక్కన వచ్చి కూర్చుంది.

"మీ కర్నల్ మాట నమ్మొచ్చా?"

"ఆయన్ని వదిలెయ్. నా మాట నమ్ము."

"నీ మీసమే అబద్ధం కదయ్యా," అంది. తర్వాత నవ్వడం మానేసింది. "అందరూ ఒకే భాష మాట్లాడే ఊరు చూడు నాకు. పొద్దున ఒకరికి చెప్పిన మాటే సాయంత్రం ఇంకొకరికి చెప్పుకుని బతకాలనుంది."

చూస్తానన్నాడు. అప్పటికే ఉత్తరాన ఒక ఊరు చూసి పెట్టాడు కూడా.

యాత్రలో ఆఖరి దీవి హాస్తోల్మ. పొద్దున్నే రేడియోలో రైలీ గొంతు తాపీగా, "గొలుసుకి నూనె కావాలి," అంది. ఆమె దిగిన ఎర్ర కుటీరం ఒడ్డునే ఉంది. ఆ దారిలో వ్యాను పట్టదు. ఒస్మో సైకిల్ మీద వెళ్ళాడు.

గడప దగ్గర తలుపుకి అడ్డంగా చీపురు ఆనించి ఉంది.

ఈ దీవుల్లో తాళాలు వేసే అలవాటు లేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకి చీపురు ఆనించి వెళ్తారు. అది చూశాక పక్కింటివాడైనా, పోలీసైనా వెనక్కి తిరగాల్సిందే. దానికి చట్టమేమీ లేదు, పెంపకం అంతే. ఒస్మో ఎన్నో తాళాలు తీశాడు, రాయబారుల బీరువాలు తెరిచాడు. చీపురు జోలికి మాత్రం అతని చెయ్యి పోలేదు. రైలీ సైకిల్ కూడా కనిపించలేదు. ఏదో అనుమానమొచ్చి ముందే రేవుకి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాడు. సైకిల్ తిప్పి రేవు వైపు తొక్కాడు.

రేవులో స్వీడన్ ఓడ కూత వేసింది. క్యూలో రైలీ లేదు. చిట్టచివర తన సైకిల్ పట్టుకుని బ్రాంట్ నిలబడి ఉన్నాడు. యాత్ర పూర్తికాకుండానే ఈయనకి స్వీడన్‌లో పనేమిటి? ఒస్మో చూపు వాడి సీటు మీద పడింది. రోజూ పొద్దున దాన్ని వాడి కాలికి సరిపోయేలా బిగించేది తనే. ఇవాళ అది బెత్తెడు పైకి లేచి ఉంది. ఎవరో సీటు పీకి, గొట్టంలో ఏదో వేసి, హడావుడిగా పెట్టేశారు.

"డాక్టర్ గారూ, సీటు వదులైంది. పడితే నా ఉద్యోగం పోతుంది, ఒక్క క్షణం," అంటూ ఒస్మో వంగి స్పానర్ తిప్పాడు. బ్రాంట్ సైకిల్ పంపు పిడి లాగాడు. అందులోంచి సన్నని కత్తి బయటికొచ్చింది. ఒస్మో స్పానర్ వాడి మణికట్టు మీద పడింది. సైకిల్ పక్కకి పడి సీటు ఊడింది, గొట్టంలోంచి ఫిల్ము చుట్ట జారి రేవు చెక్కలమీద దొర్లింది. నీళ్ళలో పడబోతుంటే ఒస్మో కాలితో ఆపాడు. అప్పుడే ఓడ మెట్లు పైకి లేచాయి.

కత్తి మీద రక్తం ఉంది. ఇంకా పూర్తిగా ఆరలేదు.

"రైలీ ఎక్కడ?"

బ్రాంట్ విరిగిన మణికట్టు పట్టుకునే నవ్వాడు. "అక్కడే ఉంది. మొదటిరోజు ఆమే చెప్పింది కదా, మీవాళ్ళు చీపురు దాటి లోపలికి రారని. కథలనుకున్నాను. మీరు నిజంగానే చాలా మంచివాళ్ళు."

వాణ్ణి రేవు పోలీసుకి అప్పగించి ఒస్మో వెనక్కి ఎలా తొక్కాడో అతనికే గుర్తులేదు. చీపురు తన్నేసి తలుపు తీశాడు. రైలీ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది, ఊపిరి లేదు. ఆమె సైకిల్ తర్వాత రెల్లుపొదల్లో దొరికింది. దాని లైటులోనే రేడియో ఉంది. ఇక బ్రేకు మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఒంటి మీద ఒక్కటే పోటు, అదీ పైపైదే, మెల్లగా నెత్తురు పోయిందని వచ్చి చూసిన ఊరి డాక్టరు చెప్పాడు. కాస్త ముందు ఎవరైనా చూసి ఉంటే కుట్టేసి పంపేవాణ్ణన్నాడు.

పక్కింటి ముసలమ్మ హిల్యా పొగబెట్టిన చేప పట్టుకుని పొద్దున వచ్చిందట. పోస్టుమాన్ కూడా వచ్చాడట. ఇద్దరూ చీపురు చూసి వెళ్ళిపోయారు.

"లోపల గోకుతున్న చప్పుడైంది బాబూ. పిల్లి అనుకున్నా," అంది హిల్యా. చేతిలో ఆ చేప ఇంకా అలాగే ఉంది. "మనుషులు లేని ఇంట్లోకి ఎలా పోతాను, చెప్పు?"

ఆమెని తప్పుపట్టడానికి ఒస్మోకేం అర్హత ఉంది?

కర్నల్ ఫోనులో చాలా సంతోషించాడు. మంత్రిగారు కూడా సంతోషించారట. బ్రాంట్ గురించి పెద్ద దేశంతో గొడవ దేనికని, వాణ్ణి మర్యాదగా విమానం ఎక్కించేస్తున్నారట. చీపురు సంగతి కూడా విన్నాక అన్నాడు:

"ఒక రకంగా అదృష్టమే అనుకో. నువ్వు తలుపు తీసుంటే ఆమె దగ్గరే ఉండిపోయేవాడివి. ఓడ వెళ్ళిపోయేది."

అది నిజమే. ఒస్మోకి ఒళ్ళు మండింది అందుకే.

ఎవరికీ అనుమానం రాకుండా యాత్ర పూర్తిచేయించమన్నది ఆఖరి ఆర్డరు. మర్నాడు ఒస్మో మీసం సర్దుకుని గుంపు ముందు సైకిల్ తొక్కాడు. ఎండ బాగుంది, సముద్రం మెరుస్తోంది. డాక్టరుగారికి ఇంటినుంచి కబురొచ్చిందని, గైడుకి వేరే పని పడిందని చెప్పాడు. స్ట్రాబెర్రీల బండి దగ్గర ఆగినప్పుడు డచ్చి పెద్దావిడ ఒకామె మూతి బిగించింది. ఇన్నాళ్ళు కలిసి తిరిగి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడమేమిటని అడిగింది. ఈ దేశంలో ఆడపిల్లలకి మర్యాద నేర్పరా అని కూడా అడిగింది.

ఒస్మో ఆమెకి పెద్ద స్ట్రాబెర్రీ ఒకటి ఏరి ఇచ్చాడు.

"ఆ పిల్లని ఏమీ అనకండి మేడమ్," అన్నాడు. "మర్యాద మాకే కాస్త ఎక్కువైంది."