పదకొండో నంబరు ఊపిరి

ఆ షెడ్డులో అందరికంటే గట్టి ఊపిరి అతనిదే. అందుకే అతన్ని తిత్తి అని పిలిచేవాళ్లు. లారీ టైరులో గాలి తగ్గితే పంపు ఎందుకు, తిత్తిని పిలవండి అని వేళాకోళం చేసేవాళ్లు.

అక్కడ వంటింటి గట్ల మీద పరిచే రాతిపలకలు కోస్తారు. రంపం మీద నీళ్లు పోస్తూ కోయాలని గోడ మీద రాసి ఉంది. నీళ్లు పోస్తే పని నెమ్మదిస్తుంది కాబట్టి పొడిగానే కోసేవాళ్లు, ఆ రాత మీద కూడా వేలెడు మందాన దుమ్ము. మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, కనుబొమల దాకా తెల్లదుమ్ము. కట్టుకున్న పెళ్లాం వచ్చినా మొగుణ్ణి నడక చూసి పోల్చుకోవాల్సిందే.

ఏడాదికోసారి ఊపిరి పరీక్ష చేసే వ్యాను వస్తుంది. గొట్టంలో ఊదాలి. ఊపిరి చాలనివాణ్ణి ఆ రోజే పనిలోంచి తీసేసి ఇంటికి పంపేస్తారు. అందుకని ఆయాసం ఉన్నవాళ్ల బదులు తిత్తి ఊదిపెట్టేవాడు. నర్సు నంబరు అడిగి రాసుకుంటుంది తప్ప మొహం చూడదు. అతనిది పద్దెనిమిది, బావది పదకొండు. సొంత అక్క మొగుడు అడిగితే కాదంటాడా? మూడేళ్లు వరసగా వెళ్లి, పదకొండు అని చెప్పి ఊదొచ్చాడు. మూడేళ్లూ బాగుందనే చీటీ వచ్చింది. బావ ఆ చీటీలు అక్కకు చూపించి, దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా చలిగాలి వల్లే అని కొట్టిపారేసేవాడు.

బావ పోయి నలభై రోజులైంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయిందనీ, రెండేళ్ల ముందే ఆ పని మాన్పించి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడనీ పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తిత్తికి ఏడుపు రాలేదు. ఆకలీ రాలేదు, కోపమూ రాలేదు. చేతులు పని చేసేవి, కాళ్లు ఇంటికి తీసుకెళ్లేవి, అంతే. సాయంత్రాలు వెళ్లి అక్క దగ్గర కూర్చునేవాడు. ఆమె మూడు చీటీలూ ముందేసుకుని ఒకటే మాట అడిగేది.

"ఏటేటా బాగుందన్నారు కదరా. మరి ఎక్కడ తప్పు జరిగింది?"

అతను నేల చూపులు చూసేవాడు.

ఈ ఏడు వ్యాను వచ్చిన రోజు తిత్తి ఒక నిర్ణయానికొచ్చాడు. ఇక ఎవరి బదులూ ఊదడు. నెల రోజులుగా మెట్లెక్కితే తనకీ రొప్పు వస్తోంది. తన ఊపిరి సంగతేమిటో తేల్చుకుంటాడు. చీటీలో ఏం వచ్చినా సరే, సాయంత్రం అక్కకు నిజం చెప్పేస్తాడు.

పాలిష్ పట్టే ఆయన షెడ్డు గుమ్మంలో చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఒక్కసారికి ఊదిపెట్టరా, తిత్తీ."

"వద్దన్నా. నా వల్ల కాదు."

బయట ఎండ మండిపోతోంది. వ్యానులో స్పిరిట్ వాసన. దాని వెనకాలే ఇంకో వాసన... అప్పుడే కోసిన రాయిది. నర్సు తలెత్తలేదు.

"నంబరు?"

"పద్దెనిమిది."

ఆమె కలం ఆగింది. "పద్దెనిమిది అయిపోయింది కదా."

"నేను ఇప్పుడే వస్తున్నానమ్మా."

"ఇందాకే వచ్చి ఊదారు. చీటీ తీసుకోకుండా వెళ్లిపోయారు, ఇదిగో. ఇంత బాగా ఊదినవాళ్లు ఈ రోజు ఇంకెవరూ లేరు."

తిత్తి చీటీ చూశాడు. పద్దెనిమిది. బాగుంది.

"ఎలా ఉన్నాడా మనిషి?"

"మీలాగే. అందరూ తెల్లగానే ఉంటారు, నేనేం పోల్చుకోను?" ఆమె గొంతు తగ్గించింది. "లోపలికి దగ్గుతూ వచ్చారు. ఊదడం మొదలుపెట్టాక మాత్రం... ఆపలేదు. నిమిషం దాటింది. నాకు భయమేసి, చాల్లెండి అన్నాను. ఈసారి నా వంతు, అన్నారు."

తిత్తి చీటీని బల్ల మీద పెట్టేశాడు.

"నేను ఊదుతాను. గొట్టం పెట్టండి."

ఆమె కొత్త గొట్టం పెట్టింది. అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఊదాడు.

తెర మీద గీత కదల్లేదు.

"ఊదండి," అంది నర్సు.

ఊదుతున్నాడు. బుగ్గలు పొంగాయి. మెడ నరాలు తేలాయి. కళ్లలో నీళ్లు...

"ఊదండి బాబూ. ఇంకా మొదలుపెట్టలేదు."

గీత అలాగే ఉంది. నర్సు గొట్టం లాగేసి, ఇంకోటి పెట్టి తనే ఊదింది. గీత ఒక్క ఉదుటున పైకి లేచింది. ఆమె అతని మొహం వైపు చూడలేదు. బాగుందని ఉన్న చీటీ అతని చేతిలో కుక్కింది.

"వెళ్లిపోండి," అంది, గుసగుసగా.

పొద్దుగూకక ముందే అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె చీటీ అందుకుని చదివింది.

"పోనీలే, నువ్వన్నా బాగున్నావు."

"ఆ మూడుసార్లూ ఊదింది బావ కాదక్కా. నేను."

నలభై రోజులు గొంతులో అడ్డుపడ్డ మాట ఇట్టే బయటికొచ్చేసింది. చెప్పాక ఏదో ఒకటి అనిపిస్తుందనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. అక్క అరవలేదు, కొట్టలేదు. పాత చీటీలు మూడూ ఒక్కొక్కటిగా సర్ది పక్కన పెట్టింది.

"ఆఖరి రోజుల్లో నా పేరు పూర్తిగా పిలవడానికి కూడా ఆయనకు ఊపిరి చాలేది కాదురా," అంది చివరికి.



ఆమె నాలుగో చీటీ చేతిలోకి తీసుకుంది. "మరి ఇది? ఇది ఎవరు ఊదారు?"

  ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గదిలో మాత్రం ఎవరో నింపాదిగా, హాయిగా ఊపిరి తీస్తూనే ఉన్నారు.