ఇరవై నిమిషాల నిద్ర

నా కుర్చీ కాలిని ఎవరో బూటుతో తట్టారు.

"హలో, బతికే ఉన్నారా?"

"లేను," అన్నాను కళ్ళు తెరవకుండానే. "అరగంటాగి రండి, అంత్యక్రియల సంగతి మాట్లాడుకుందాం."

"మాటలక్కర్లేదు. బొటనవేలు పైకెత్తండి, చాలు."

ఎత్తాను. వెళ్ళిపోయింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే బూటు, అదే ప్రశ్న. మూడోసారికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా తల్లీ! రాత్రంతా రేవులో చేపల పెట్టెలు దించి వచ్చాను. కాస్త పడుకోనిస్తారా, లేదా?"

"చేపలని చెప్పక్కర్లేదు లెండి. మీరు తలుపు తీసినప్పుడే తెలిసింది."

హాల్లో అందరూ నవ్వారు. టీ బల్ల దగ్గరున్న మోరీన్ అయితే కెటిల్ కింద పెట్టి మరీ నవ్వింది. అరవై దాటిన మోరీన్ ఆ హాలుకి పెద్ద దిక్కు. నన్ను లేపిన అమ్మాయి పేరు మార్నీ.

ఇంగ్లండులోని రేవు పట్నం గ్రిమ్స్‌బీలో ఇల్లూ వాకిలీ లేని మాబోటివాళ్ళకు పగటిపూట నీడ ఆ పాత చర్చి హాలే. ఎనిమిదిన్నరకు తీస్తారు, మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు. వేడినీళ్ళ స్నానం, బట్టలు ఉతుక్కునే మెషీను, టోస్టూ బీన్సూ ఉంటాయి. నేనుంటున్న గదిని ఓనరు అమ్మేశాడు. ఏజెన్సీవాళ్ళు పిలిచిన రోజే పని దొరికే కూలీకి ఇంకో గది ఎవడిస్తాడు? రాత్రి షెల్టరుకి పోదామంటే, తొమ్మిదికి లోపలికెళితే తెల్లారేదాకా బయటికి వదలరు. నా పని మొదలయ్యేదే అర్ధరాత్రి దాటాక. అందుకని నా నిద్రంతా ఆ హాల్లో కుర్చీలోనే. సర్కారు గది కోసం హౌసింగ్ ఆఫీసు వరుసలో పద్నాలుగు నెలలుగా ఉన్నాను. ఇప్పటికి నాలుగో స్థానానికి వచ్చాను.

ఆ మధ్యాహ్నం టీ ఇస్తూ మోరీన్ మెల్లగా చెప్పింది.

"దాని మీద కోప్పడకు నాయనా. పోయిన చలికాలం ఆ మూల కుర్చీలో ఒకాయన పడుకున్నాడు. చలేస్తుందేమోనని మార్నీ దుప్పటి కప్పింది. జారిపోతే మళ్ళీ సర్దింది. మూడింటికి తాళం వేసేముందు లేపితే లేవలేదు. ఎప్పుడు పోయాడో ఏమో! పోయినాయనకి దుప్పటి సర్దానని ఆ పిల్ల నెల రోజులు ఏడ్చింది. ఈ ఇరవై నిమిషాల రూలు అదే పెట్టించింది."

మర్నాటి నుంచి ఆ బూటు తట్టకముందే బొటనవేలు ఎత్తడం మొదలుపెట్టాను.

"నిద్రపోవట్లేదా మీరు?" అంది ఒకరోజు అనుమానంగా.

"పోతున్నా. పందొమ్మిదో నిమిషానికి లేస్తున్నా."

"ఎందుకు?"

"మీ బూటు అరిగిపోతుందేమోనని."

నవ్వాపుకుని వెళ్ళిపోయింది. ఆమె కళ్ళ కింద కూడా నల్లగా ఉండేది. పొద్దున్నే తాళం తీసేది, బాత్రూములు కడిగేది, ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడేది. మధ్యాహ్నానికి మాట కూడా సన్నగిల్లేది. అంత అలసటలోనూ ప్రతి కుర్చీ దగ్గరా ఆగేది. నిద్ర ఎటూ లేదు, లేవగానే చూడ్డానికి ఒక మంచి మొహమైనా ఉందని సరిపెట్టుకున్నాను. కొన్నాళ్ళకు ఆ మొహం కోసమే లేస్తున్నానని అర్థమైంది. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఆ మాత్రం తెలియదా!

ఒక గురువారం, వాన ఆగకుండా పడుతుంటే ధైర్యం చేశాను.

"క్లీథోర్ప్స్ బీచిలో ఒక కొట్టుంది. టీ బాగుంటుంది. ఓసారి వస్తారా?"

చేతిలోని తువ్వాళ్ళ దొంతరని గట్టిగా పట్టుకుంది. "కుదరదు ఎల్లిస్. మీరిక్కడ గెస్టు, నేను స్టాఫు. గెస్టులతో బయట తిరగనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు."

"రావాలని లేదా, రాకూడదా?"

"రాకూడదు," అంది తువ్వాళ్ళ వైపు చూస్తూ.

"మరి నేను గెస్టుని కాకపోతే?"

"అప్పుడు చూద్దాం లెండి," అని నవ్వి లోపలికెళ్ళింది.

నీకు గది వచ్చాక చూద్దామని ఆమె ఉద్దేశం. నా మట్టిబుర్రకి అది వేరేలా ఎక్కింది. శనివారం మార్నీకి సెలవు. బల్ల దగ్గర ఎవరో కొత్త వాలంటీరు ఉన్నాడు. గెస్టుల రిజిస్టరులో నా పేరు కొట్టేయమన్నాను. 'ఇకపై ఇక్కడి సహాయం అవసరం లేదు' అన్న కాగితం ఇచ్చాడు. రాజుగారిలా సంతకం పెట్టి బయటపడ్డాను.

మూడు రోజులు బస్సులో పడుకున్నాను. ఆ చివర ఒక డ్రైవరు లేపేవాడు, ఈ చివర ఇంకో డ్రైవరు. మంగళవారం మూడింటికి రెండు చిప్స్ పొట్లాలు పట్టుకుని, వానలో హాలు గేటు ముందు నిలబడ్డాను.

మార్నీ నన్ను చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"ఎక్కడ చచ్చావ్ మూడు రోజులు?" అని అరిచింది. 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలిసినట్టు లేదు. "ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేశాను, తెలుసా?"

"నేనిప్పుడు గెస్టుని కాను మార్నీ. పేరు కొట్టించేసుకున్నా. టీకి వస్తావా?"

ఆమె మొహంలో రంగు పోయింది.

"నువ్వే కొట్టించావా? ఎవరో పొరపాటు చేశారనుకున్నా. ఓరి పిచ్చివాడా! హౌసింగ్ వరుసలో నీ పేరు మా హాలు తరఫునే కదా ఉంది! ఇక్కడ కొట్టేస్తే అక్కడా పోతుంది. పద్నాలుగు నెలలు, ఎల్లిస్!"

"నాకెవరూ చెప్పలేదే."

"నన్నడిగితే కదా చెప్పడానికి!"

నా చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి లాక్కెళ్ళింది. హౌసింగ్ ఆఫీసు నాలుగున్నరకు మూసేస్తారు. బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. కాసేపు తిట్టింది. తిడుతూ తిడుతూ అద్దానికి తలానించి నిద్రపోయింది. మేము దిగే చోటు వచ్చేదాకా లేపలేదు. ఆ కాస్త దూరం నాకు చాలా సుఖంగా ఉంది, ఏడుపూ వచ్చింది.

కౌంటర్లో జలుబుతో మూలుగుతున్న ఒక పెద్దాయన ఉన్నాడు. కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున్నే మూసేశామమ్మా. ఈయన ఇంకా మా గెస్టేనని హాలు తరఫున ఇవాళే ఎవరైనా రాసిస్తే, నాలుగో స్థానం అలాగే ఉంటుంది. రేపైతే వరుసలో చివరికే."

ఫారం ముందుకు తోశాడు. మార్నీ పెన్ను తీసుకుంది కానీ రాయలేదు.

నాకప్పుడు తెలిసింది. ఆ సంతకంతో నేను మళ్ళీ గెస్టుని, ఆమె మళ్ళీ స్టాఫు.

"రాయొద్దు," అన్నాను. "బస్సు నాకు అలవాటైపోయింది. నిజంగా."

"నోర్మూసుకో. ఏదో ఒక పొద్దున డ్రైవరు లేపితే నువ్వు లేవకపోతే? అప్పుడు నేనేమైపోవాలి?" కౌంటరు పెద్దాయన వైపు చూడనైనా చూడకుండా అనేసింది. "నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. అందుకే రాస్తున్నా."

పెద్దాయన రుమాలు తీసి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ముక్కు తుడుచుకున్నాడు.

మార్నీ గబగబా నింపింది. నా పేరు, హాలు పేరు, తేదీ. అడుగున ఒక్క గడి మిగిలింది. 'దరఖాస్తుదారుకు మీరేమవుతారు?'

అక్కడ చెయ్యి ఆగింది. 'ఏమీ కాను' అని రాసింది. ఒక్క క్షణం దానికేసి చూసి, ఆ మాటకు ముందున్న కాస్త జాగాలో చిన్న అక్షరాలతో 'ప్రస్తుతానికి' అని ఇరికించింది.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఈ మొదటి మాట అక్కర్లేదమ్మా. 'ఏమీ కాను' అంటే సరిపోతుంది."

"అబద్ధం రాయకూడదని కింద మీరే అచ్చేశారు కదండీ," అంది మార్నీ.

ఆయన ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశాడు.