పూత లేని మొక్క

"మొక్క పూత మీదుంది. కాయ పట్టాకే కాలువలోకి. టైముంది."

విదేశీ ముఠాలో ఉంటూ మనకోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ రుచిత పంపిన మెసేజ్ అది. ఫోన్‌లో చీఫ్ వెంకటకృష్ణారావు తేలిగ్గా నవ్వాడు. "ఇంకేం గోపీ, నెల్లాళ్ళు ఆగొచ్చు. భోంచేసి కాసేపు నడుం వాల్చు."

ఏజెంట్ గోపీనాథ్ కంచం పక్కకి తోసేశాడు. చల్లపల్లి శివారు రైతుబిడ్డ, బోటనీ చదివినవాడు.

"సార్, వాళ్ళు తెచ్చింది ఫెర్న్ జాతి నీటికలుపు. దానికి పూతేంటండీ? పువ్వుండదు, కాయుండదు, విత్తనముండదు. సిద్ధబీజాలతోనే దాని వంశం పెరుగుతుంది. పసుప్పచ్చ దుమ్ములా ఉంటాయి, ఎండినా చావవు, తడి తగిలితే లేస్తాయి. మొక్కల మీద డాక్టరేట్ చేసిన రుచితకి ఇది తెలీదా? పక్కన తుపాకీ పెట్టి రాయించారు. అబద్ధమని మనకి తెలిసేలా రాసింది. అంటే ఇవాళే!"

ఇవాళే బందరు కాలువకి నీళ్ళు వదులుతున్నారు. ఆ దుమ్ము ఒక్క డబ్బా పడితే కాలువలన్నీ కలుపుతో పూడుకుపోతాయి. శివారు నారుమళ్ళకి చుక్క చేరదు. ఈ ఏడే కాదు, ఏ ఏడూ.

బ్యాకప్ లేదు. ట్రాఫిక్‌లో బైకు పడేసి పరుగెత్తాడు. కాలువ మొదట్లో నీళ్ళు వదిలే హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఎవరి చేతిలో చూసినా కృష్ణమ్మకిచ్చే పసుపు కుంకుమల పళ్ళెమే. రుచిత మొహం అతనెప్పుడూ చూడలేదు. గేట్లు కదలబోతున్నాయి. గోపీనాథ్‌కి ఏడుపొచ్చింది.

"ఇదేం చోద్యమమ్మా! ఒట్టి పసుపు తెచ్చావు, కుంకుమేదీ?" ఎవరో పెద్దావిడ గదమాయించింది.

"మర్చిపోయానండీ," అంది పట్టుచీరలో మెరిసిపోతున్న అందగత్తె, నలుగురికీ వినపడేలా. వెనక శాలువా కప్పుకున్నవాడు ఆమె నడుముకేదో ఆనించి నిలబడ్డాడు. పసుపూ కుంకుమా విడదీయకూడదని వాడికెవరూ చెప్పలేదు.

మళ్ళీ తెలిసి చేసిన తప్పు, అంటే రుచితే! గోపీనాథ్ దూకి ఆమె పళ్ళెంలోని పసుపు డబ్బా లాక్కున్నాడు. రుచిత వెనక్కి తిరిగి పళ్ళెంతో శాలువావాడి ముక్కు పగలగొట్టింది. తుపాకీ గాల్లోకి పేలింది. జనం వాడి మీద పడ్డారు.

ఈ తోపులాటలో డబ్బా మూత ఊడింది. గాలి కాలువవైపే వీస్తోంది! అరచేత్తో డబ్బా నోరు మూసి, పక్కనే సలసలా కాగుతున్న పునుగుల బాండీలోకి బోర్లించేశాడు.

నూనె బుస్సుమంది. గేట్లు లేచాయి. నీళ్ళు శుభ్రంగా దూకాయి.

పునుగుల బండి అమలమ్మ చిల్లుల గరిటె ఎత్తింది. "ఏవయ్యా, కళ్ళు కనపళ్ళా?"

"దేశం కోసమమ్మా," అంది రుచిత రొప్పుతూ.

"అయితే ఈ వాయి దేశాన్నే తినమను!"